జపనీస్ మేపుల్: బ్లడ్‌గుడ్, తముకెయామా, సాంగో కాకు... మీ యార్డ్‌కి ఏది మేలు?

న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలోనో కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు ఏప్రిల్‌లో నర్సరీకి వెళ్తే, ముందు చూపు ఆగేది ఎర్రాకుల జపనీస్ మేపుల్ దగ్గరే. రంగు నచ్చుతుంది, కారులో ఎక్కించేస్తారు. ఎక్కడ నాటాలన్నది ఇంటికొచ్చాక ఆలోచిస్తారు. అసలు ముందు చూడాల్సినవి రెండు: నాటబోయే చోట మధ్యాహ్నం మూడింటికి ఎండ పడుతుందా, పదిహేనేళ్ల తర్వాత ఈ చెట్టుకి ఎంత జాగా కావాలి? ఈ రెండూ తేలితే మూడు రకాల్లో ఏది కొనాలో దాదాపు తేలిపోయినట్టే.

బ్లడ్‌గుడ్ నిటారుగా పెరిగే రకం. ఏడాదికి అడుగు నుంచి రెండడుగులు పెరిగి, చివరికి 15 నుంచి 20 అడుగుల ఎత్తుకి, ఇంచుమించు అంతే వెడల్పుకి వస్తుంది. కిటికీ పక్కన గోడకి నాలుగడుగుల దూరంలో పెడితే పదేళ్లు తిరిగేసరికి ఏటా కొమ్మలు నరకడమే పని. కనీసం 10 అడుగులు వదలండి. రోజుకి నాలుగైదు గంటల ఎండ తగిలితేనే ఆకు ముదురు ఎరుపులో ఉంటుంది. పూర్తి నీడలో పెడితే జూలైకల్లా ఎరుపూ కాని పచ్చా కాని రంగుకి తిరుగుతుంది. అది తెగులేమీ కాదు, ఎండ చాలకపోవడం. ఎరువేస్తే ఎరుపు తిరిగి రాదు.

తముకెయామా పూర్తిగా వేరే తరహా. ఆకు సన్నటి చీలికలుగా ఉంటుంది, కొమ్మలు గొడుగులా కిందికి వాలతాయి. ఎత్తు 6 నుంచి 8 అడుగులు దాటడం అరుదు, వెడల్పు మాత్రం 10 అడుగులు దాటుతుంది. చిన్న మొక్కే కదా అని నడిచే దారికి మూడడుగుల్లో నాటినవాళ్లు తర్వాత ఒక పక్క కొమ్మలన్నీ కోసేస్తారు. ఇక ఆ గొడుగు ఆకారం పోయినట్టే. ఇంకో సంగతి చాలామంది గమనించరు: ఈ రకం దానంతట అది పైకి లేవదు. అంటు ఎంత ఎత్తులో కట్టారు, నర్సరీలో కర్ర కట్టి కాండాన్ని ఎంతదాకా నిలబెట్టారు అన్నదాన్ని బట్టే ఎత్తు వస్తుంది. రెండడుగుల్లోనే వాలిపోయిన మొక్క కొని, ఆరడుగుల చెట్టవుతుందని ఎదురుచూస్తే చాలా ఏళ్లు పడుతుంది. కాబట్టి మీకు కావాల్సిన ఎత్తుకి దగ్గరగా ఉన్నదే చూసి కొనండి. ఖరీదు ఎక్కువే. నెమ్మదిగా పెరిగే మొక్క, నర్సరీవాళ్లు ఏళ్ల తరబడి పెంచి అమ్ముతారు మరి.

సన్నాకు రకాలు మామూలుగా వేడికి త్వరగా మాడతాయి. వాటిలో వేడినీ ఉక్కనీ బాగా తట్టుకునేది, వేసవిలోనూ ఎరుపు నిలుపుకునేది తముకెయామా. అట్లాంటా, డాలస్ వైపు క్రిమ్సన్ క్వీన్ అనే మరో సన్నాకు రకం కంటే దీన్ని ఎంచుకోమనేది ఇందుకే.

సాంగో కాకు అందం చలికాలంలో చూడాలి. సాంగో అంటే జపాన్ భాషలో పగడం. ఆకులన్నీ రాలాక లేత కొమ్మలు నిజంగా పగడాల రంగులో మెరుస్తాయి. ఆకు పచ్చగా ఉండి, రాలే ముందు బంగారు పసుపుకి తిరుగుతుంది. 20 నుంచి 25 అడుగులు పెరుగుతుంది. కానీ మూడింట్లోకీ సుకుమారం ఇదే. తడి వసంతంలో మంచు తగిలితే లేత రెమ్మల్లోకి బ్యాక్టీరియా చేరి కొసలు నల్లబడి ఎండిపోతాయి. నత్రజని ఎరువు ఎక్కువేస్తే శరదృతువులో లేత చిగుళ్లు వేసి ఇంకా దెబ్బతింటుంది. ఎండు కొమ్మలు పొడి వాతావరణంలోనే కత్తిరించాలి. వారానికోసారి మొక్క దగ్గర నిలబడి చూసే ఓపిక లేకపోతే దీని జోలికి వెళ్లకపోవడమే నయం.

ఏది కొన్నా సరే, పాత కూరపాదులో మాత్రం నాటొద్దు. ఇది మనవాళ్ల ఇళ్లలో మరీ ఎక్కువగా జరిగే పొరపాటు. నాలుగేళ్లు వంకాయ, టమాటా, బెండ వేసిన చోటుని లాన్‌గా మార్చి, మధ్యలో మేపుల్ పెడతారు. ఈ కూరలన్నిటికీ వచ్చే వర్టిసిలియం ఎండు తెగులు శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి బతికుంటుంది, మేపుల్‌కీ అదే శత్రువు. జూలైలో చెట్టంతా బాగానే ఉండి ఒక్క కొమ్మ మాత్రం ఉన్నట్టుండి వాడిపోతే, ఆ కొమ్మ కోసి అడ్డకోత చూడండి. చెక్కలో ముదురు ఆకుపచ్చ, గోధుమ చారలు కనిపిస్తే అదే. దీనికి మందు లేదు. ఎండిన కొమ్మ తీసేసి, నీళ్లు సరిగ్గా పెట్టి, చెట్టు నిలదొక్కుకుంటుందేమో చూడడమే.

నేల విషయంలో డాలస్‌వాళ్లకి ఇంకో చిక్కుంది. అక్కడి నల్లమట్టి మన రేగడికి చుట్టమే: వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు ఇస్తుంది, పైగా క్షార గుణం. మేపుల్‌కి నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 నుంచి 6.5 మధ్య, అంటే కాస్త ఆమ్లంగా ఉంటే ఇష్టం. ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయంటే ఇనుము అందడం లేదన్నమాట. అలాంటి నేలలో నాటే ముందు అడుగు లోతు గుంట తీసి, నీళ్లు నింపి ఇంకనిచ్చి, మళ్లీ నింపండి. గంటకి అంగుళం కూడా తగ్గకపోతే 8 నుంచి 12 అంగుళాల ఎత్తు మట్టిదిబ్బ చేసి దాని మీద నాటాలి. లేదంటే పెద్ద కుండీలో తముకెయామా పెట్టుకోండి. బ్లడ్‌గుడ్ కుండీలో ఎక్కువకాలం ఇమడదు. కుండీలో వేళ్లు సుమారు మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరే చచ్చిపోతాయి, కాబట్టి న్యూజెర్సీలో కుండీని గట్టి చలి రోజుల్లో గరాజ్‌లోకి చేర్చాలి.

నాటడానికి న్యూజెర్సీలో సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ మధ్య వరకు, డాలస్‌లో అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు మంచి అదను. గొయ్యి వెడల్పు వేళ్ల ముద్దకి రెండు మూడింతలు, లోతు మాత్రం ముద్దంతే, అంతకు మించి వద్దు. కాండం మట్టిలోకి దిగేచోట ఏనుగు పాదంలా కాస్త వెడల్పవుతుంది. ఆ భాగం నేలకి ఒకటి రెండు అంగుళాలు పైనే కనిపించాలి. లోతుగా పాతిన మొక్క వెంటనే చావదు, నాలుగైదేళ్లు ముక్కుతూ మూలుగుతూ ఉండి అప్పుడు పోతుంది. కుండీలో గుండ్రంగా చుట్టలు చుట్టుకున్న వేళ్లని కోసి విడదీయండి. మొదటి ఏడాది ఎరువు వద్దు. మల్చ్ (మొక్క చుట్టూ నేల మీద పరిచే చెక్కపొట్టు లాంటిది) రెండు మూడు అంగుళాల మందాన వేసి, కాండం చుట్టూ జానెడు మేర ఖాళీ వదలండి.

ఇక తీర్పు. న్యూజెర్సీలో పొద్దున ఎండ, విశాలమైన ఫ్రంట్ యార్డ్ ఉంటే బ్లడ్‌గుడ్. అక్కడ జపనీస్ బీటిల్ పురుగు ఆకులు తింటుంది. ఆ పురుగు అమెరికాలో తొలిసారి కనిపించింది 1916లో ఆ రాష్ట్రంలోనే. పొద్దున్నే సబ్బునీళ్ల బకెట్‌లోకి దులిపేస్తే చాలు. డాలస్‌లో అయితే ఇంటికి తూర్పున, మధ్యాహ్నం గోడ నీడ పడే చోట తముకెయామా. పడమటి ఎండలో మూడింట్లో ఏదీ వద్దు. సియాటిల్‌లో ఓపిక ఉన్నవాళ్లకి సాంగో కాకు. హైదరాబాద్, విజయవాడల్లో పెంచాలనుకుంటే ఆన్‌లైన్‌లో విత్తనాలు కొని డబ్బు పారేసుకోకండి. చలికాలపు నిద్ర దొరకని చోట ఈ చెట్టు నిలవదు.

నాటాక మొదటి రెండేళ్లు అంటు కట్టిన చోటుని గమనిస్తుండండి. అక్కడ కాండం కాస్త బుడిపెగా ఉంటుంది. దాని కిందనుంచి పచ్చాకులతో పిలక లేస్తే కొత్త కొమ్మ వచ్చిందని మురిసిపోవద్దు, అది వేరుమొక్కది, అంటే అంటు కట్టడానికి వాడిన కింది మొక్కది. వదిలేస్తే మీరు డబ్బు పెట్టి కొన్న ఎర్ర చెట్టుని మింగేస్తుంది. పైపైన కత్తిరిస్తే మళ్లీ మొలుస్తుంది. వేలెడు ఉన్నప్పుడే పట్టుకుని కిందికి పెరికేయండి.