సొంత సర్వర్ మీద రస్ట్‌డెస్క్: దీర్ఘకాల వాడకం తరువాత ఒక సమీక్ష

విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతాల్లోని కొన్ని ఆడిటర్ కార్యాలయాల కంప్యూటర్ల బాగోగులు చూడడం నా వృత్తి. వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ట్యాలీ, ప్రింటరు, జీఎస్టీ పోర్టల్ చుట్టూనే తిరుగుతాయి కనుక, ఉన్న చోటు నుంచే అవతలి తెర చూసి సరిచేసే సాధనం లేకపోతే ఈ పని గిట్టుబాటు కాదు. కొన్నేళ్లుగా ఇందుకు రస్ట్‌డెస్క్ వాడుతున్నాను. అది కూడా సంస్థవారి పబ్లిక్ సర్వర్ మీద కాకుండా, అద్దెకు తీసుకున్న చిన్న లినక్స్ యంత్రం మీద దాని ఉచిత సర్వర్‌ను నేనే నడుపుకుంటూ. సర్వర్ బాధ్యత నెత్తిన వేసుకోగలిగిన వారికి ఇది మంచి ఎంపిక అనీ, సర్వర్ మనదైనంత మాత్రాన భద్రత దానంతట అదే రాదనీ నా అభిప్రాయం. ఈ రెండో విషయాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటున్నారు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

సొంత సర్వర్ ఆలోచన బలపడడానికి కారణం 2024 ఫిబ్రవరి. ఇలాంటి మరో సాధనాన్ని తయారుచేసే ఎనీడెస్క్ సంస్థ తన ప్రొడక్షన్ సిస్టమ్‌లలోకి (సేవలు నడిపే అసలు కంప్యూటర్లలోకి) చొరబాటు జరిగిందని ఆ నెలలో స్వయంగా ప్రకటించి, సాఫ్ట్‌వేర్‌పై సంతకం చేసే సర్టిఫికెట్‌ను మార్చింది, వినియోగదారుల పోర్టల్ పాస్‌వర్డ్‌లను రద్దు చేసింది. ఆ సంస్థను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే పదుల కొద్దీ కార్యాలయాల లెక్కల పుస్తకాలకు దారి చూపే మధ్యవర్తి ఎవరో, ఎక్కడున్నాడో మనకు తెలియకపోవడం ఇబ్బందికరమే. రస్ట్‌డెస్క్ సోర్స్ కోడ్ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద బహిరంగంగా ఉంది, సర్వర్‌కు పెద్ద యంత్రమూ అవసరం లేదు.

సమస్యలు విప్పుకోవాలంటే ముందు దాని నిర్మాణం తెలిసి ఉండాలి. సర్వర్‌లో రెండు భాగాలున్నాయి. హెచ్‌బీబీఎస్ అనేది ఏ ఐడీ (ప్రతి కంప్యూటరుకూ రస్ట్‌డెస్క్‌లో ఉండే గుర్తింపు సంఖ్య) ఏ నెట్ చిరునామాలో ఉందో గుర్తుపెట్టుకుని ఇద్దరినీ కలిపే భాగం. హెచ్‌బీబీఆర్ అనేది ఇద్దరూ నేరుగా కలవలేనప్పుడు మధ్యలో నిలబడి డేటాను అటూ ఇటూ అందించే రిలే. ఇవి టీసీపీ, యూడీపీ అనే రెండు రవాణా పద్ధతుల్లో, పోర్టులనే అంకెల తలుపుల ద్వారా మాట్లాడతాయి. 21115 టీసీపీ పోర్టు నాట్ (ఒక్క పబ్లిక్ చిరునామా వెనుక అనేక యంత్రాలను ఉంచే పద్ధతి) రకాన్ని పరీక్షించడానికి, 21116 యూడీపీ ఐడీ నమోదుకూ, ఆన్‌లైన్‌లోనే ఉన్నానని తెలిపే హార్ట్‌బీట్‌కూ, అదే 21116 టీసీపీ నేరు కనెక్షన్ కుదర్చడానికి, 21117 టీసీపీ రిలేకు. మిగిలిన 21118, 21119 బ్రౌజర్‌లో నడిచే వెబ్ క్లయింట్ కోసం. అది వాడని వారు ఆ రెంటినీ మూసి ఉంచడమే మేలు.

నాకు ఎదురైన ఇబ్బందుల్లో అత్యధికం ఆ 21116 దగ్గరే మొదలయ్యాయి. ఫైర్‌వాల్ నియమం రాసేటప్పుడు టీసీపీ ఒక్కటే తెరిచి వదిలేస్తే, బయటికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. విండోస్ ఆదేశాల కిటికీ పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశం ఇస్తే పోర్టు తెరిచే ఉందని జవాబు వస్తుంది, ఎందుకంటే ఆ ఆదేశం పరీక్షించేది టీసీపీని మాత్రమే. క్లయింట్ (కంప్యూటర్‌లో పెట్టే రస్ట్‌డెస్క్ ప్రోగ్రామ్) కిటికీ అడుగున మాత్రం ‘రెడీ’ అనే మాట రాక, కనెక్ట్ అవుతున్నట్టే ఉండిపోతుంది. అలాంటప్పుడు ఊహాగానాలు మాని సర్వర్‌లో, వచ్చే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్‌ను యూడీపీ 21116 మీద నడిపి, అవతలి వారిని రస్ట్‌డెస్క్ మూసి మళ్లీ తెరవమనండి. ప్యాకెట్ ఒక్కటీ రాకపోతే లోపం దారిలోనో ముందున్న ఫైర్‌వాల్‌లోనో ఉన్నట్టు. ప్యాకెట్లు వచ్చినా ఐడీ నమోదు కాకపోతే సర్వర్‌లోనే ఏదో తేడా ఉన్నట్టు. అద్దె యంత్రం ఇచ్చేవారి కంట్రోల్ ప్యానెల్‌లో ఒక ఫైర్‌వాల్, యంత్రం లోపల మరొకటి, ఇలా రెండు ఉంటాయన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. కొన్ని పెద్ద కార్యాలయాల నెట్‌వర్క్‌లు బయటికి వెళ్లే యూడీపీని పూర్తిగా ఆపేస్తాయి. వాటి కోసం యూడీపీని పక్కనపెట్టే ఐచ్ఛికం, వెబ్‌సాకెట్ ద్వారా, మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్టు మీదుగా వెళ్లే ఐచ్ఛికం ఇటీవలి వెర్షన్లలో వచ్చాయి. రెండోది కావాలంటే సర్వర్ ముందు రివర్స్ ప్రాక్సీ (వచ్చే కనెక్షన్లను అందుకుని లోపలికి పంపే ప్రోగ్రామ్) పెట్టుకోవాలి.

తరువాతిది వేగం సంగతి. మన ఊళ్లలో కేబుల్ ఆపరేటర్లు ఇచ్చే కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ చిరునామా ఉండదు. ఒక్క చిరునామా వెనుక ఎందరినో కూర్చోబెడతారు. రౌటర్ పేజీలో వాన్ (బయటి వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే అది ఆపరేటర్ స్థాయి నాట్ అని తెలుసుకోవచ్చు. ఆ శ్రేణిని 2012లో ఇందుకోసమే కేటాయించారు. రెండు వైపులా ఇలాంటి నాట్ ఉన్నప్పుడు నేరు కనెక్షన్ చాలాసార్లు కుదరదు, రిలే మీదుగానే నడుస్తుంది. కనెక్షన్ ట్యాబ్ మీద కనిపించే కవచం గుర్తుపై మౌస్ ఉంచితే నేరుగా వెళుతోందా, రిలే మీదుగానా, ఎన్‌క్రిప్షన్ ఉందా లేదా అన్నది చెబుతుంది. రిలే అయినా కంగారు పడనక్కరలేదు. మామూలు ఆఫీసు పనికి సెకనుకు దాదాపు 100 కిలోబైట్లు సరిపోతాయని, 1920x1080 తెరపై గరిష్ఠంగా 3 మెగాబైట్ల దాకా పోవచ్చని రస్ట్‌డెస్క్ పత్రాలే చెబుతున్నాయి. సర్వర్ ఎక్కడుందన్నదే అసలు తేడా. తెనాలిలో నొక్కిన మీట యూరప్ దాకా వెళ్లి గుంటూరుకు రావాల్సి వస్తే ఆ జాప్యం ప్రతి అక్షరానికీ తెలుస్తుంది. ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న యంత్రం మీదుగా వస్తే పని చేస్తున్న ధ్యాసలో అది గుర్తుకే రాదు.

సర్వర్‌ను కార్యాలయంలోనే పెట్టుకునే వారికి ఒక విచిత్రమైన సమస్య వస్తుంది. బయటి నుంచి అందరికీ కలుస్తుంది, పక్క గదిలోని కంప్యూటర్‌కు మాత్రం కలవదు. లోపలి యంత్రం అదే రౌటర్ పబ్లిక్ చిరునామాకు వెళ్లి వెనక్కి తిరిగి రావాలి. ఆ తిరుగుదారిని చాలా చవక రౌటర్లు ఇవ్వవు. లోపలి డీఎన్‌ఎస్‌లో (పేరును అంకెల చిరునామాగా మార్చే వ్యవస్థలో) సర్వర్ పేరుకు లోపలి చిరునామానే చూపిస్తే ఇది తీరిపోతుంది. క్లయింట్‌లో అంకెల చిరునామా కాకుండా పేరు రాసిపెట్టుకోవడం అందుకే మంచిది. కరెంటు పోయి మోడెం మళ్లీ లేచినప్పుడు పబ్లిక్ చిరునామా మారినా, మారిన చిరునామాను పేరుకు తానే జతచేసే డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టుకుని ఉంటే ఆ పేరే ఆదుకుంటుంది.

‘కనెక్టెడ్, వెయిటింగ్ ఫర్ ఇమేజ్’ అనే సందేశం దగ్గర ఆగిపోవడం అందరూ చెప్పే ఫిర్యాదే. “సార్, కలిసిందంటోంది గానీ అంతా నల్లగా ఉంది” అని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది అవతలి కంప్యూటర్‌కు మానిటర్ తగిలించి ఉందా అని. మానిటర్ లేని యంత్రంలో పట్టుకోవడానికి తెరే ఉండదు. హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టే చిన్న డమ్మీ ప్లగ్ ఈ పని చేస్తుంది, విండోస్‌లో అయితే వర్చువల్ డిస్‌ప్లే కూడా ఉంది. మ్యాక్‌లో స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇచ్చారో లేదో చూడాలి. లినక్స్‌లో తెరను నడిపే వ్యవస్థ వేలాండ్ అయితే, పాతదైన ఎక్స్‌11కు మారడమే తేలిక. ఎదురుగా మనిషి లేని యంత్రానికి వేలాండ్‌తో పేచీ తప్పదు. ఇవేవీ కాకపోతే హార్డ్‌వేర్ కోడెక్‌ను (తెర చిత్రాన్ని కుదించి విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే ఐచ్ఛికాన్ని) ఆపి చూడాలి.

చిత్రనాణ్యత గురించి ఒక ముక్క. తక్కువ నాణ్యత ఎంచుకుంటే ట్యాలీ తెరపై 6, 8 అంకెలు ఒకేలా కనబడతాయి, జీఎస్టీ 3బీ రిటర్న్ గడువైన 20వ తేదీ సాయంత్రం పన్ను మొత్తం సరిచూసేటప్పుడు అది ఆషామాషీ విషయం కాదు. నేను బ్యాలెన్స్ స్థాయి కంటే కిందికి తగ్గించను. పాత రెండు కోర్ల కంప్యూటర్లలో ఏవీ1 కోడెక్ ప్రాసెసర్‌ను ఊపిరాడనివ్వదు, వీపీ8కు గానీ వీపీ9కు గానీ మార్చితే కుదుటపడుతుంది. తెలుగు టైపు చేసేవారు కీబోర్డు విధానాన్ని మ్యాప్ మోడ్‌లో ఉంచుకోవాలి. అందులో మీట స్థానం అవతలికి వెళుతుంది కనుక అక్కడి ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు) అమరికే అక్షరాన్ని నిర్ణయిస్తుంది. ట్రాన్స్‌లేట్ మోడ్‌లో ఇక్కడి అమరిక ప్రకారం అక్షరం తయారై వెళుతుంది, ఒత్తుల దగ్గర గందరగోళం మొదలవుతుంది.

ఇక భద్రత. సర్వర్ మొదటిసారి లేచినప్పుడు ఐడీ_ఈడీ25519 అనే పేరుతో ఒక రహస్య కీని, చివర పబ్ అని ఉండే బహిరంగ కీని తయారుచేస్తుంది. బహిరంగ కీని ప్రతి క్లయింట్‌లోనూ నమోదు చేయాలి, కీ లేకుండా వచ్చేవారిని తిప్పికొట్టేలా సర్వర్ రెండు భాగాలనూ నడపాలి. ఈ కీని ఖాళీగా వదిలేసి ‘పని చేస్తోంది కదా’ అని ఊరుకున్న ఏర్పాట్లు నేను చాలా చూశాను. అక్కడ ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్‌కు తలుపు తెరిచే ఉంటుంది. ఉచిత సర్వర్‌లో వినియోగదారుల ఖాతాలు లేవు కనుక, పేరుకు బహిరంగ కీయే అయినా, అది చేతికొచ్చిన వారెవరైనా మన రిలేను వాడుకోగలరు. విండోస్ ఇన్‌స్టాలర్ ఫైలు పేరులోనే సర్వర్ పేరు, కీ ఇరికించి పంపే సౌకర్యం చాలా హాయిగా ఉంటుంది గానీ, ఆ ఫైలు వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారకుండా చూసుకోవాలి. రహస్య కీ ఉన్న ఫైలును, ఐడీలు ఉండే డీబీ_వీ2 డేటాబేసును సర్వర్ బయట భద్రపరచాలి. సర్వర్ చెడిపోయి కొత్త కీ పుడితే ప్రతి క్లయింట్ కీ మిస్‌మ్యాచ్ అంటూ మొండికేస్తుంది, అప్పుడు ఊరూరా తిరగడమే గతి.

సర్వర్‌ను డాకర్ అనే కంటెయినర్ సాధనంలో నడిపేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఉబుంటు లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌తో పోర్టు మూశామనుకున్నా, డాకర్ బయటపెట్టిన పోర్టులు ఆ నియమాలను దాటుకుని తెరిచే ఉంటాయి, ఎందుకంటే డాకర్ తన ఐపీటేబుల్స్ (లినక్స్ లోపలి ఫైర్‌వాల్) నియమాలను తానే ముందు రాసుకుంటుంది. బయటి నుంచి, తెరిచి ఉన్న పోర్టులను చూపే ఎన్‌మ్యాప్‌తో ఒకసారి చూసుకుంటేనే నిజం తెలుస్తుంది. అసలు మూయదలచినదాన్ని అద్దె యంత్రం ఇచ్చేవారి ఫైర్‌వాల్‌లోనే మూయడం నా పద్ధతి.

శాశ్వత పాస్‌వర్డ్ విషయంలో కార్యాలయాల కంప్యూటర్లను నేను రెండు రకాలుగా విభజించాను. గుమాస్తా ఎదురుగా ఉండే యంత్రాల్లో అది లేనే లేదు. తెరపై ‘అంగీకరించు’ నొక్కితేనే నాకు ప్రవేశం. రాత్రిపూట బ్యాకప్ చూడాల్సిన సర్వర్లకు మాత్రమే పొడవైన పాస్‌వర్డ్, దానికి తోడు ఫోన్‌లోని ఆరంకెల రెండో ధ్రువీకరణ. ఇన్‌స్టాల్ చేయకుండా నడిపితే విండోస్ అడ్మిన్ అనుమతి పెట్టె నా వైపు కనిపించదు, అవతలి వారే నొక్కాలి. దీన్ని లోపంగా భావించేవారున్నారు, దుకాణాల్లోని కంప్యూటర్లకు మాత్రం అది రక్షణే అని నేననుకుంటాను.

మోసాల సంగతి వదిలిపెట్టలేం. ఎనీడెస్క్ ద్వారా ఫోన్‌ను అదుపులోకి తీసుకుని యూపీఐ ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. నేను చూసే కంప్యూటర్లలోని రస్ట్‌డెస్క్ నా సర్వర్‌లోనే నమోదవుతుంది కనుక, ఆ ఐడీ చదివి చెప్పినా పబ్లిక్ సర్వర్ మీద ఉన్న మోసగాడు లోపలికి రాలేడు. కానీ అతడు వేరే యాప్ డౌన్‌లోడ్ చేయిస్తే నా సర్వర్ చేయగలిగిందేమీ లేదు. అందుకే ‘రస్ట్‌డెస్క్ తప్ప ఇంకేదీ పెట్టొద్దు, మా నంబరు నుంచి ఫోన్ రాకపోతే దాన్నీ తెరవొద్దు’ అని ప్రతి గుమాస్తాకూ చెప్పి ఉంచాను. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని కూడా.

సాఫ్ట్‌వేర్ వైపు మచ్చ లేకపోలేదు. విండోస్‌లో 1.2.3 వెర్షన్ ఇన్‌స్టాల్ చేస్తే వర్చువల్ డిస్‌ప్లే డ్రైవర్ కోసం డబ్ల్యూడీకే టెస్ట్‌సర్ట్ అనే పరీక్షా సర్టిఫికెట్‌ను కంప్యూటర్ పూర్తిగా నమ్మే రూట్ జాబితాలో చేర్చేది. ఇది భద్రతా లోపాల బహిరంగ జాబితాలో సీవీఈ-2024-25140గా నమోదైంది. ఆ రోజుల్లో పెట్టిన యంత్రాలు ఇంకా నడుస్తుంటే, రూట్ సర్టిఫికెట్ల జాబితాలో ఆ పేరు వెతికి తొలగించాలి. దాడులు చేసేవారు కూడా ఇలాంటి సాధనాలనే వాడతారు కాబట్టి కొన్ని యాంటీవైరస్‌లు దీన్ని అనుమానంగా చూస్తాయి. మినహాయింపు ఇవ్వాల్సి వస్తే అధికారిక సైటు నుంచి గానీ గిట్‌హబ్ నుంచి గానీ తెచ్చిన ఫైలుకే ఇవ్వాలి, మొత్తం డౌన్‌లోడ్స్ ఫోల్డరుకు కాదు.

ఉచిత సర్వర్‌లో ఎవరు ఎప్పుడు ఏ యంత్రంలోకి వెళ్లారన్న నివేదిక, అందరికీ ఉమ్మడి చిరునామా పుస్తకం, ఉద్యోగిని బట్టి అనుమతులు ఉండవు. ఒక్కడినే ఉన్నంతకాలం నాకవి అక్కరకు రాలేదు. నలుగురు సాంకేతిక సిబ్బంది ఉన్న చోట అవి లేకుండా నడపడం సరికాదు, అలాంటివారు డబ్బు చెల్లించి ప్రో సర్వర్ తీసుకోవాలి. ఒకరు ఉద్యోగం మానేసిన రోజున ఎవరి పాస్‌వర్డ్ మార్చాలో వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

రోజంతా ఒకే విండోస్ యంత్రం మీద కూర్చుని చేసే పనికి మాత్రం నేను రస్ట్‌డెస్క్ వాడను. విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ అక్షరాలను ఇంతకంటే పదునుగా చూపిస్తుంది, ప్రింటర్లను తేలిగ్గా కలుపుతుంది. కాకపోతే దాని 3389 పోర్టును రౌటర్‌లో బయటికి తెరవడానికి నేను ఏ ఖాతాదారుకూ ఒప్పుకోను. 2019 నాటి బ్లూకీప్ లోపం లాగిన్ కూడా అక్కరలేకుండానే పాత విండోస్ యంత్రాలను పరాయివారి చేతికి అప్పగించగలిగేది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో సొరంగం (ఎన్‌క్రిప్ట్ అయిన ప్రైవేటు దారి) వేసి, ఆ సొరంగం లోపలి చిరునామాల నుంచి మాత్రమే 3389కి అనుమతి ఇస్తాను, తెర తెరుచుకోక ముందే పాస్‌వర్డ్ అడిగే నెట్‌వర్క్ స్థాయి ధ్రువీకరణను ఆపను. ఆ సొరంగం తెగిపోయిన రోజున యంత్రంలోకి వెళ్లి దాన్ని మళ్లీ నిలబెట్టడానికి రస్ట్‌డెస్క్‌ను అందులోనే సర్వీసుగా ఉంచుతాను.