చెక్ క్వార్టెట్లు రెండు: ముందు ద్వోర్షాక్‌నా, స్మెతనానా?

చెక్ సంగీతం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు నేను రెండు స్ట్రింగ్ క్వార్టెట్లు, అంటే నాలుగు తీగ వాయిద్యాల కోసం రాసిన రచనలు, చెబుతాను. రెండిట్లోనూ అవే వాయిద్యాలు: రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన ఒక వయోలా, ఇంకా పెద్దదైన ఒక చెల్లో.

చెక్ స్వరకర్త ద్వోర్షాక్ రాసిన ‘అమెరికన్’ క్వార్టెట్ తేలిగ్గా మనసుకెక్కుతుంది. న్యూయార్క్‌లో సంగీత కళాశాల డైరెక్టర్‌గా ఉన్న ఆయన 1893 వేసవిలో అయోవా రాష్ట్రంలోని స్పిల్‌విల్‌కి వెళ్లారు. అది చెక్ వలసదారుల ఊరు. అక్కడ దాదాపు రెండు వారాల్లోనే దీన్ని రాసేశారు. మూడో భాగంలో అక్కడి పక్షి కూత కూడా ఉంది. కొత్తవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మంచిది.

మరో చెక్ స్వరకర్త స్మెతనా రాసిన క్వార్టెట్ ‘నా జీవితం నుంచి’ అలా కాదు. దీన్ని రాసింది 1876లో, అంటే ఆయనకు వినికిడి పూర్తిగా పోయిన రెండేళ్లకు. రెండో భాగం హుషారైన పోల్కా, అంటే చెక్ నాట్య బాణీ. మూడోది చనిపోయిన మొదటి భార్య జ్ఞాపకం. నాలుగో భాగం సంబరంగా సాగుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కింద మిగతా తీగలు వణుకుతుంటే, మొదటి వయొలిన్ ఒకే ఒక్క పై స్వరాన్ని చాలాసేపు పట్టి ఉంచుతుంది. చెవుడు రాబోతున్నప్పుడు ఆయన చెవుల్లో మోగిన హోరు అదే! అక్కడ నాకు ప్రతిసారీ గుండె పట్టేసినట్టుంటుంది. ఆ తర్వాత పాత రాగాలు ఒకసారి తలుపు తట్టి వెళ్లిపోతాయి, సంగీతం మెల్లగా సద్దుమణుగుతుంది.

ఒక్కటే ఎంచుకోమంటే నాది స్మెతనా వైపే. అన్నట్టు, 1878లో ప్రాగ్‌లో ఒక ఇంట్లో దీన్ని మొదటిసారి వాయించినప్పుడు వయోలా పట్టింది ద్వోర్షాకే.