మంచి హెడ్‌ఫోన్‌కి డాంగిల్ చాలా, డెస్క్ మీద యాంప్ కావాలా?

హెడ్‌ఫోన్ మీద వేలకు వేలు పోసినవాళ్ళకి మర్నాడే పట్టుకునే బెంగ ఒకటుంది: దీనికి తగ్గ యాంప్ ఏది, డాక్ ఏది? అడిగితే ఒకరు ఫోన్‌కి పెట్టుకునే డాంగిల్, అంటే ఆ చిన్న వైరు అడాప్టర్, చాలంటారు. ఇంకొకరు గాజు గొట్టాలతో పనిచేసే పెద్ద వాల్వ్ యాంప్ లేకపోతే ఆ హెడ్‌ఫోన్ కొనడమే దండగంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు, ఎందుకంటే ఇద్దరి చేతుల్లో ఉన్న హెడ్‌ఫోన్లు వేరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యాంప్ ఎంత గట్టిది కావాలో మీ హెడ్‌ఫోన్‌ని బట్టే తేల్చుకోవాలి, జేబులో ఉన్న డబ్బుని బట్టి కాదు. డాక్ సంగతికొస్తే, ఇవాళ మామూలు ధరకే ఆ పని పూర్తయిపోతోంది. అక్కడ పెట్టే అదనపు డబ్బు చెవి దాకా చేరేది చాలా తక్కువ.

డాక్ పని ఫైల్లో ఉన్న అంకెల్ని విద్యుత్ తరంగంగా మార్చడం. ఆ తరంగానికి హెడ్‌ఫోన్ డ్రైవర్‌ని, అంటే లోపల శబ్దం పుట్టించే భాగాన్ని, కదిలించేంత బలం ఇవ్వడం యాంప్ పని. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, ఆఖరికి వేలెడంత డాంగిల్‌లో కూడా ఈ రెండూ ఉంటాయి.

ముందు లెక్క

హెడ్‌ఫోన్ స్పెసిఫికేషన్లలో రెండు అంకెలు చూడండి: ఇంపిడెన్స్ (కరెంటుకి హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డు, ఓమ్‌లలో), సెన్సిటివిటీ (ఇచ్చినదానికి ఎంత శబ్దం చేస్తుందో, డెసిబెల్స్‌లో). రెండోదానిలో ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీలు ఒక వోల్టుకి ఎంత శబ్దం వస్తుందో రాస్తాయి, కొన్ని ఒక మిల్లీవాట్‌కి రాస్తాయి. ఆ రెండు అంకెల్నీ నేరుగా పోల్చకూడదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 తీసుకోండి. 300 ఓమ్‌లు, ఒక వోల్టుకి 103 డెసిబెల్స్. మిల్లీవాట్ లెక్కలోకి మారిస్తే సుమారు 98. హైఫైమ్యాన్ సుందరా 37 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 94. మూడు వందల ఓమ్‌లంటే నడపడం కష్టం, ముప్పై ఏడంటే తేలిక అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ రెండిట్లో పవర్ ఎక్కువ అడిగేది సుందరాయే.

మరి ఎంత శబ్దానికి లెక్క కట్టాలి? హాయిగా వినేటప్పుడు సగటు 75, 80 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. కానీ కచేరీ రికార్డింగ్‌లో గాత్రం నెమ్మదిగా సాగుతుండగా మృదంగం మీద ఒక్క దెబ్బ పడితే ఆ క్షణానికి 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది. అందుకే క్షణకాలపు శిఖరాలకి 110 డెసిబెల్స్ అనుకుని లెక్క వేస్తే యాంప్ ఎక్కడా తడబడదు. అంత శబ్దంలో కూర్చుని వినమని కాదు, వింటే చెవులు పాడవుతాయి.

ఆ 110కి హెచ్‌డీ 650 అడిగేది సుమారు 2.2 వోల్టులు, 17 మిల్లీవాట్లు. సుందరా 1.2 వోల్టులే అడుగుతుంది కానీ 40 మిల్లీవాట్లు కావాలి, అంటే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆడెజీ ఎల్‌సీడీ-ఎక్స్ చూడటానికి బండలా ఉంటుంది, మెడ మీద బరువు తెలుస్తుంది. కానీ 20 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 103 కాబట్టి దానికి 5 మిల్లీవాట్లు చాలు, వోల్టులో మూడో వంతు చాలు. ఇక హైఫైమ్యాన్ సుస్వరా. మార్కెట్‌లోకి వచ్చినప్పుడు దాని ధర 6000 డాలర్లు. 60 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 83 డెసిబెల్స్ మాత్రమే. దానికి అర వాట్ కావాలి, హెచ్‌డీ 650కి కావలసినదానికి దాదాపు ముప్పై రెట్లు. ఖరీదైన హెడ్‌ఫోన్ అయినంత మాత్రాన పెద్ద యాంప్ అక్కర్లేదు, ఓమ్‌లు తక్కువైనంత మాత్రాన చిన్నది సరిపోదు.

డాంగిల్

యాపిల్ అమ్మే సీ-టైప్ డాంగిల్ సుమారు ఒక వోల్టు ఇస్తుంది. హెచ్‌డీ 650 దాని మీద 103 డెసిబెల్స్ శిఖరం దాకా వెళ్తుంది. గట్టిగా మాస్టర్ చేసిన సినిమా పాటలకి అది సరిపోతుంది, నెమ్మదిగా రికార్డు చేసిన వీణ కచేరీకి చివర్లో వాల్యూమ్ ఇంకాస్త ఉంటే బాగుండుననిపిస్తుంది. ఎల్‌సీడీ-ఎక్స్‌కి బాధ లేదు. సుస్వరా మాత్రం 95 దగ్గరే ఆగిపోతుంది, ఆ జోడీ పనికిరాదు. ఈ డాంగిల్ కొనేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది పూర్తి శబ్దం ఇవ్వదు, సగం వోల్టేజీ దగ్గరే ఉండిపోతుంది. యూరప్‌లో అమ్మేదాని గరిష్ఠం కూడా సుమారు అర వోల్టే. అక్కడున్న బంధువుల చేత తెప్పించుకునేవాళ్ళు ఇది చూసుకోవాలి.

శబ్దం చాలినప్పుడు డాంగిల్ నాణ్యతకి వంక పెట్టలేం. సీడీ నాణ్యత ఫైల్ 16 బిట్లు, అంటే 96 డెసిబెల్స్ పరిధి. దాన్ని దాదాపు పూర్తిగా బయటికి తీసుకురాగల చిప్ ఆ చిన్న వైరు తలలో ఉంది.

ఒకే పెట్టె: ఫియో కే11, కే7

ఇంట్లో టేబుల్ దగ్గర కూర్చుని వినేవాళ్ళలో ఎక్కువమందికి నేను చెప్పేది డాక్, యాంప్ రెండూ ఒకే పెట్టెలో ఉండే ఈ దారే. ఫియో కంపెనీ కే11 బాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో (ఒక్కో చెవికి రెండు వైర్లూ విడిగా నడిపే జాక్‌లో) 32 ఓమ్‌లకి 1400 మిల్లీవాట్ల దాకా ఇస్తుంది. కే7 అయితే 2000. కే7 మామూలు పెద్ద జాక్‌లో కూడా 300 ఓమ్‌లకి 130 మిల్లీవాట్లు ఇస్తుంది. హెచ్‌డీ 650 అడిగేది 17. ఇంకేం కావాలి? సుందరాకైనా కే11 మిగులుతుంది.

కాగితం మీద చూస్తే కే7 బాలెన్స్‌డ్ సుస్వరాని కూడా 110 దాకా తీసుకెళ్తుంది. అయినా సుస్వరా ఉన్నవాళ్ళకి ఇంకా పెద్ద యాంప్ తీసుకోమనే చెబుతాను, దానికి కారణం ఉంది. బాస్ కోసం ఈక్వలైజర్‌లో 6 డెసిబెల్స్ పెంచితే ఆ చోట పవర్ నాలుగు రెట్లు కావాలి. అర వాట్ రెండు వాట్లవుతుంది. అక్కడ కే7 దగ్గర మిగులేమీ ఉండదు.

బాలెన్స్‌డ్ అనగానే ఒక భ్రమ గురించి చెప్పాలి. ఒకే యాంప్‌లో మామూలు జాక్ నుంచి బాలెన్స్‌డ్ జాక్‌కి మారగానే గొంతు ముందుకొచ్చినట్టు, తబలా బిగువు పెరిగినట్టు అనిపిస్తుంది. చాలా యాంపుల్లో బాలెన్స్‌డ్ వోల్టేజీ రెట్టింపు, అంటే వాల్యూమ్ నాబ్ కదపకపోయినా 6 డెసిబెల్స్ ఎక్కువ. మన చెవికి కాస్త గట్టిగా వినిపించేదే బాగున్నట్టుంటుంది. పోల్చి చూడాలంటే కరెంటు పనివాళ్ళ దగ్గరుండే మామూలు మల్టీమీటర్ చాలు. 60 హెర్ట్జ్ టోన్ ఫైల్ ఒకటి పెట్టండి. ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీ ఎందుకంటే చవక మీటర్లు సరిగా కొలిచేది ఇక్కడే. మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే ఒక చెవికి వెళ్ళే రెండు కొనల మధ్య ముళ్ళు ఆనించండి. ఒక ముల్లు జారి పక్క కొనకి తగిలితే షార్ట్ అవుతుంది, కాబట్టి చెయ్యి కుదురుగా పెట్టుకుని చాలా తక్కువ వాల్యూమ్‌లో మొదలుపెట్టండి. మొదటి జాక్‌లో 0.30 వోల్టులు చూపిస్తే, రెండోదాంట్లో కూడా 0.30 వచ్చేదాకా నాబ్ తగ్గించి, ఆ తర్వాత పాట వినండి. ఇలా సమానం చేశాక హెచ్‌డీ 650 మీద రెండు జాకులకీ తేడా నాకు వినిపించలేదు. పవర్ చాలనప్పుడే బాలెన్స్‌డ్‌కి విలువ. దానికోసం హెడ్‌ఫోన్ వైరు మార్చడం, అదీ ఖరీదైన వైరు కొనడం నేను సమర్థించను.

విడివిడిగా కొంటే

షీట్ కంపెనీ మోడీ డాక్, మాగ్ని యాంప్ ఒకదాని మీద ఒకటి పెట్టుకోవడం ఇంకో పద్ధతి. రేపు పెద్ద హెడ్‌ఫోన్ కొంటే యాంప్ ఒక్కటే మార్చుకోవచ్చు, అది మంచి లాభం. ఈ చవకైన, శుభ్రమైన యాంపుల తరానికి దారి చూపినవాళ్ళలో ఎన్‌డబ్ల్యుఏవీగై అనే మారుపేరుతో రాసిన ఇంజినీరు ఒకరు. 2011లో ఓ2 అనే యాంప్ డిజైన్ మొత్తాన్ని, కొలతలతో సహా అందరికీ ఇచ్చేశాడు. ఖరీదుకీ శుభ్రతకీ సంబంధం లేదని మీటర్ పెట్టి చూపించినందుకు ఆయనంటే నాకు గౌరవం.

కానీ పెట్టెలు రెండైతే వైర్లు, అడాప్టర్లు పెరుగుతాయి, గుర్రుమనే హమ్ వచ్చే దారులూ పెరుగుతాయి. మన ఇళ్ళలో మూడు కన్నాల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ వైరు కలపనివి ఎన్నో. ల్యాప్‌టాప్ ఛార్జర్ తగిలించగానే చెవిలో సన్నటి గీ శబ్దం మొదలైతే డాక్ మార్చడం కాదు మందు. టీవీ నుంచో డెస్క్‌టాప్ నుంచో ఆప్టికల్ వైరు ద్వారా సిగ్నల్ ఇచ్చి చూడండి. వెలుతురు ద్వారా వెళ్ళే సిగ్నల్ కాబట్టి ఆ వైరులో కరెంటు దారి తెగిపోతుంది. కే11కీ, కే7కీ ఆ ఇన్‌పుట్ ఉంది.

డాక్‌లో ఏ రకం?

ఫియో కే11కి ఆర్2ఆర్ అనే తోబుట్టువు ఉంది. రూపం ఒకటే, లోపల మామూలు డెల్టా-సిగ్మా చిప్ బదులు రెసిస్టర్ల నిచ్చెన ఉంటుంది. ఆర్2ఆర్ అంటే మెత్తగా, నిండుగా ఉంటుందని పేరు. ఆ మెత్తదనానికి కొలవగలిగే కారణం ఒకటుంది. ఓవర్‌శాంప్లింగ్‌ని (ఫైల్లోని అంకెల మధ్య అదనపు అంకెలు లెక్కగట్టి చేర్చడాన్ని) ఆపేసే ఎన్‌ఓఎస్ పద్ధతిలో పెడితే సీడీ ఫైల్‌కి 10 కిలోహెర్ట్జ్ దగ్గర 0.75 డెసిబెల్, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పైన పడిపోతుంది. పై స్థాయి కొంచెం తగ్గింది కాబట్టి మెత్తగా వినిపిస్తుంది. అది నచ్చితే తప్పు లేదు, కానీ అదే మార్పు ఈక్వలైజర్‌లో ఖర్చు లేకుండా వస్తుంది.

చిప్ పేరు చూసి కొనేవాళ్ళకి ఒక సంగతి. 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నొబెయొకాలో ఏకేఎం కంపెనీ చిప్ ఫ్యాక్టరీ కాలిపోయింది. ఆ చిప్‌లు దొరక్క చాలా కంపెనీలు ఈఎస్ఎస్ చిప్‌లకి మారాయి. ఫియో కే5 ప్రో కూడా అలాగే ఏకేఎం నుంచి ఈఎస్ఎస్‌కి వెళ్ళింది. ఏకేఎం అంటే తియ్యదనం, ఈఎస్ఎస్ అంటే పదును అని మాట్లాడుకోవడం ఉంది కానీ, చిప్ చుట్టూ ఉన్న సర్క్యూట్ బాగుంటే రెంటి తప్పులూ మనకి వినిపించే హద్దుకి ఎంతో కింద ఉంటాయి. చిప్ పేరు చూసి ఎవరూ వేలు పోయనక్కర్లేదు.

వాల్వ్ యాంప్

దీని సంగతి వేరు, ఇక్కడ తేడా నిజంగా వినిపిస్తుంది. అమెరికాలో కిట్ రూపంలో అమ్మే బాటిల్‌హెడ్ క్రాక్ లాంటి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని యాంపుల్లో అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువ, 120 ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. హెచ్‌డీ 650 ఇంపిడెన్స్ అన్ని చోట్లా 300 కాదు. బాస్‌లో 100 హెర్ట్జ్ దరిదాపుల్లో 500 దాకా లేస్తుంది. రెండూ కలిస్తే అక్కడ సుమారు ఒక డెసిబెల్ పెరుగుతుంది. మృదంగం ఎడమ వైపు తొప్పి పలికే గుమికిలో ఆ నిండుతనం తెలుస్తుంది. నాకది ఇష్టం.

అదే యాంప్‌కి సుందరా తగిలిస్తే కథ మారిపోతుంది. 37 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 120 ఓమ్‌ల అడ్డు వస్తే 12 డెసిబెల్స్‌కి పైగా అక్కడే పోతాయి, కరెంటు చాలదు. సుందరా లాంటి ప్లానార్ హెడ్‌ఫోన్ల (పల్చటి పొర మొత్తం కదిలే రకం) ఇంపిడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకేలా ఉంటుంది కాబట్టి బాస్ పెరిగే లాభం కూడా రాదు. 250, 300, 600 ఓమ్‌ల డైనమిక్ హెడ్‌ఫోన్ (హెచ్‌డీ 650 లాంటి, తీగచుట్ట కదిలే రకం) ఉంటేనే ఈ రకం తీసుకోండి. విదేశం నుంచి తెప్పిస్తే ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టులకి సరిపోయేదేనా అని అడగండి. లోపల వంద వోల్టులు దాటిన డీసీ ఉంటుంది, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. సోల్డరింగ్ అలవాటు లేనివాళ్ళు కిట్ జోలికి పోవద్దు.

నన్నడిగితే

హెచ్‌డీ 600, హెచ్‌డీ 650, సుందరా ఉన్నవాళ్ళకి కే11 స్థాయి పెట్టె చాలు, అక్కడితో ఆపేయొచ్చు. ఎల్‌సీడీ-ఎక్స్ లాంటి తేలికగా పలికేవాటికి పవర్ కన్నా అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ముఖ్యం. అది హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదనేది వాడుకలో ఉన్న కొలత, అంటే ఇక్కడ 2.5 ఓమ్‌లు. యాంప్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో నిర్ణయించే గెయిన్ స్విచ్‌ని తక్కువలో పెట్టుకుంటే బుస్సుమనే హిస్ కూడా ఉండదు. సుస్వరా కొనగలిగినవాళ్ళు డాక్ మామూలుది తీసుకుని, మిగిలినదంతా రెండు మూడు వాట్ల మంచి యాంప్ మీద పెట్టాలి. కొన్నాళ్ళ తర్వాత రెండో యాంప్ కావాలనిపిస్తే 300 ఓమ్‌లవాళ్ళు వాల్వ్ వైపు చూడొచ్చు, ఎందుకంటే ఇంకో ట్రాన్సిస్టర్ యాంప్ కొంటే వచ్చే మార్పు ఏమీ ఉండదు.

హెచ్‌డీ 650 పాతదై, ఈ మధ్య గొంతులు మసకబారినట్టు అనిపిస్తుంటే యాంప్ కన్నా ముందు ఇయర్‌ప్యాడ్లు చూడండి. నురుగు అణిగిపోయి చెవి డ్రైవర్‌కి దగ్గరైతే బాస్, పై స్థాయి రెండూ మారిపోతాయి. వేలితో నొక్కితే వెంటనే పైకి లేవకపోతే మార్చాల్సిన సమయం వచ్చినట్టే. కొత్త ప్యాడ్ల ధర ఏ డాక్ ధరలోనైనా చిన్న భాగమే, మార్పు మాత్రం మొదటి పాటలోనే వినిపిస్తుంది.