వీపెక్కిన శవం, చోటివ్వని శ్మశానాలు: హెల్‌బాయ్ 'ద కార్ప్స్'

పోయిన నెల బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఒక పాత పుస్తకాల షాపులో 'ద కార్ప్స్' (శవం) అనే ఈ హెల్‌బాయ్ సంచిక దొరికింది. 2004లో అమెరికా కామిక్స్ ప్రచురణ సంస్థ డార్క్ హార్స్ వాళ్ళు 25 సెంట్లకే అమ్మిన పల్చటి కామిక్ ఇది. నాకు 150 రూపాయలు పడింది, అయినా బాధ లేదు. అనంతపురం వచ్చే రైల్లో మొదలుపెడితే హిందూపురం దాటకముందే అయిపోయింది, ధర్మవరం వచ్చేలోపు మళ్ళీ మొదటి నుంచి చదివాను.

కథ 1959లో, ఐర్లాండ్‌లో జరుగుతుంది. ఒక ఇంట్లో పసిబిడ్డను ఫెయిరీలు (ఐరిష్ జానపద కథల్లోని మాయజాతి) ఎత్తుకుపోయి ఆ ఊయలలో ఇంకేదో పెట్టిపోయారు. ఎర్రటి ఒళ్ళు, రాతి చెయ్యి ఉన్న మన హెల్‌బాయ్ అక్కడికొస్తాడు; పుట్టుక రాక్షసుడిదే అయినా దెయ్యాల గొడవలు తేల్చడమే అతని పని. ఇనుము తగలగానే ఆ దొంగబిడ్డ అసలు రూపం బయటపడుతుంది. ఇక్కడే నేను పేజీ తిప్పకుండా ఆగిపోయాను, ఎందుకంటే మా ఊర్లో ఇప్పటికీ బాలింత మంచం కింద కొడవలి పెడతారు, మా చిన్నాయన కూతురు పుట్టినప్పుడు మా జేజి తన చేతులతో పెట్టడం నేను చూశాను. ఐర్లాండ్ ఎక్కడ, మా జేజి ఎక్కడ!

ఆ తర్వాత ఆ మాయజాతికే చెందిన ముగ్గురు పొట్టి మనుషులు ఒక బేరం పెడతారు. టామ్ ఓక్లానీ అనే వాడి శవాన్ని తెల్లారేలోపు పద్ధతిగా పాతిపెడితే బిడ్డను తిరిగి ఇస్తారట. శవం హెల్‌బాయ్ వీపెక్కి కూర్చుంటుంది. అది మాట్లాడుతుంది కూడా. బేతాళ కథలు చదివి పెరిగిన మనకు ఈ బొమ్మ కొత్త కాదు, కానీ బేతాళుడు చిక్కుప్రశ్నలు వేస్తే ఈ శవానికి కావాల్సింది ఆరడుగుల నేల మాత్రమే. ఒక చర్చి దగ్గరికి పోతే చోటు లేదంటారు, ఇంకో చోటికి పోతే అక్కడా అంతే. చచ్చినవాళ్ళే లేచొచ్చి ఇంకొకడిని రానిచ్చేది లేదని చెబుతుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే గుండె కలుక్కుమంటుంది. శ్మశానం స్థలం కోసం గొడవలు పడే ఊర్లు మన దగ్గరా ఉన్నాయి కదా. హెల్‌బాయ్ మాత్రం బస్తా మోసే మనిషిలా విసుక్కుంటూనే మోస్తాడు. నవ్వంతా ఆ విసుగులోనే ఉంది.

రాసింది, గీసింది మైక్ మిగ్నోలా. పేజీలో సగం నలుపే, అందులో ఎరుపు ఒక్కటే కదులుతున్నట్టు ఉంటుంది. రాళ్ళు, శిలువలు, ఎండిన చెట్లు తప్ప ఇంకేం గీయకపోయినా చలి పుడుతుంది. అసలు ఇది 1995లో ఒక కామిక్స్ కేటలాగ్‌లో రెండేసి పేజీల చొప్పున వచ్చిన కథ. అందుకే రెండు పేజీలకోసారి ఒక కుదుపు తెలుస్తుంది. మధ్యలో పంది ముఖం రాక్షసుడితో వచ్చే కొట్లాట కూడా గబగబా అయిపోయింది, అక్కడ ఇంకో రెండు పేజీలు ఉండాల్సింది. నా ఫిర్యాదు అదొక్కటే.

బిడ్డను ఎత్తుకుపోయిన వాళ్ళ బాధ కూడా కథలో ఉంది. వాళ్ళ జాతిలో ఇప్పుడు పిల్లలు పుట్టడం లేదు. ఆ మాట వచ్చేదాకా వాళ్ళ మీద ఉన్న కోపమంతా నాకు అక్కడ కరిగిపోయింది.

విడి సంచిక దొరకకపోతే 'ద చెయిన్డ్ కాఫిన్ అండ్ అదర్స్' సంపుటిలో ఈ కథ ఉంది, అది కొనుక్కోండి. ఫోన్లో చదవాలనుకుంటే స్క్రీన్ వెలుతురు తగ్గించకండి, నలుపులో నలుపు కలిసిపోయి సగం బొమ్మ కనపడదు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకైతే వద్దు, శవం ముఖం దగ్గర నుంచి చూపించే బొమ్మలకు రాత్రి లేచి ఏడుస్తారు.

ఊరికి పోయినప్పుడు జేజికి బొమ్మలు చూపించి కథంతా చెప్పాను. శవం మాట్లాడిందంటే ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "అదంతా సరేలే నాయనా, బిడ్డ తల్లి దగ్గరికి చేరిందా లేదా, ముందు అది చెప్పు" అనింది.