అడవి పొట్టిరెక్కల పురుగు: ఫోటో తీయాలా, జల్లెడ పట్టాలా, గ్లాసు పాతాలా?

కార్తీకంలో వాన పడిన మర్నాడు, సిద్దవటం దగ్గర మా పెదనాయన మామిడితోపులో రాలిన ఆకు కదిలిస్తే నల్లటి సన్న పురుగు ఒకటి తోక పైకెత్తి పరిగెత్తింది. "తొక్కెయ్ నాయనా, తేలుపిల్ల అది" అన్నాడు పెదనాయన. తేలుపిల్ల కాదు. కాళ్లు ఆరే ఉన్నాయి, కొసన కొండి లేదు. అది రోవ్ బీటిల్. నేను పొట్టిరెక్కల పురుగు అంటాను. పెంకు పురుగే కానీ, చిన్నప్పటి చొక్కా పెద్దయ్యాక తొడుక్కున్నట్టు పైరెక్కలు పొట్టిగా ఉండి పొట్టంతా బయటికి కనిపిస్తుంది. ఎగిరే రెక్కలు ఆ పొట్టి పెంకుల కిందే మడతలు మడతలుగా ఉంటాయి. ఇలాగే పొట్టి రెక్కలుండే ఇంకో పురుగుకు తోక కొసన పట్టకారు ఉంటుంది. పట్టకారు కనిపిస్తే అది వేరే జాతి.

మన అడవిలో వీటిని తెలుసుకోవడానికి మూడు దారులు ప్రయత్నించాను.

అందరూ మొదట చేసేది ఫోన్‌తో ఫోటో. పురుగుకు హాని లేదు, ఖర్చూ లేదు. లంకమల అభయారణ్యంలో అయితే ఇదొక్కటే దారి, అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏ ప్రాణినీ తేకూడదు. కానీ ఫోటో చెప్పేది కొంతే. ఈ పొట్టిరెక్కల పురుగుల కుటుంబంలో ఇప్పటిదాకా పేరు పెట్టినవే 60,000 రకాలు దాటాయి. రెండు మూడు మిల్లీమీటర్ల వాటిని పైనుంచి తీస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. చాలా రకాల్లో నిపుణులు సైతం మగ పురుగు జననాంగాన్ని మైక్రోస్కోప్ కింద చూశాకే పేరు తేలుస్తారు. అందుకే ఫోటో పెట్టగానే ఎవరైనా పూర్తి పేరు చెబితే నేను వెంటనే నమ్మను. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, మీసాలు కనబడేలా ఒకటి తీసి, పక్కన స్కేలు పెడితే నయం.

రెండోది నేలలో గ్లాసు పాతడం. అంచు మట్టికి సమంగా ఉండాలి, అడుగున కాస్త సబ్బునీళ్లు పోయాలి. రాత్రి తిరిగేవి తెల్లారేసరికి అందులో ఉంటాయి. తోపులో ఎన్ని, చేను గట్టున ఎన్ని అని లెక్క పోల్చాలంటే ఇది పనికొస్తుంది. కానీ సాలీళ్లు, జెర్రులు, ఒక్కోసారి చిన్న కప్పపిల్లలూ అందులోపడి చస్తాయి. ఒకసారి అది చూశాక నాకు మళ్లీ గ్లాసు పాతాలనిపించలేదు.

మూడోది జల్లెడ. నా ఓటు దీనికే, అదీ మన సొంత తోపులో. పిండి జల్లెడ కాదు, ఇసుక జల్లెడ కావాలి. తడి ఆకును అడుగు మట్టితో సహా జల్లెడలో వేసి తెల్ల పంచె మీద ఆడించి, రెండు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఒక్కొక్కటీ లేచి నడక మొదలుపెడతాయి. 10 రెట్ల భూతద్దం ఉంటే మీసాల కణుపులు కూడా లెక్కపెట్టొచ్చు. ఒకదాన్ని తడి ఆకుతో గాజుసీసాలో ఉంచి ఈగపురుగును వేశాను. దవడలతో పట్టి తల విదిలించిన తీరు ఏ ఫోటోలోనూ కనబడదు. వీటిలో చాలావరకు వేటాడేవే. కొన్ని పుట్టగొడుగుల్లో, కొన్ని పేడ కింద, కొన్ని చీమల గూళ్లలో, చెదపుట్టల్లో బతుకుతాయి. దేని కింద దొరికిందో రాసుకుంటే సగం గుర్తింపు అక్కడే అయిపోతుంది.

ఏ దారి పట్టినా ఒకదానితో మాత్రం జాగ్రత్త. నారింజ, నలుపు పట్టీలతో, నీలంగా మెరిసే పైరెక్కలతో ఉండే సన్నటి పురుగును చేత్తో పట్టొద్దు. అది కుట్టదు, కరవదు. ఒంటి మీద నలిపితే దాని రసం తగిలి ఒకటి రెండు రోజుల్లో చర్మం కాలినట్టు బొబ్బలొస్తాయి. వాలితే ఊది పంపేసి, ఆ చోటు సబ్బుతో కడుక్కోవాలి. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద వరిమళ్లలో పైరుకు పట్టే సుడిదోమను తినేదీ అదే, కాబట్టి చంపొద్దు.

చూడటం అయ్యాక ఎండ ఎక్కకముందే ఆకునూ మట్టినీ అదే చెట్టు కింద పోసేస్తాను. ఆరిన పంచె మీద అవి ఎక్కువసేపు బతకవు.