హీటర్ బాగుంది, థర్మోస్టాటే నమ్మించి ముంచింది

నేను ఇంట్లో పెంచే పాము ట్యాంక్‌లో రాత్రిపూట వేడి ఉండాలి, వెలుతురు ఉండకూడదు. ఆ పనికి సెరామిక్ హీటర్‌ను మించింది నాకింతవరకు కనబడలేదు. రెండో చలికాలం కూడా దాటింది. హీటర్ మీద నాకు ఫిర్యాదు లేదు, అంటే పెద్దగా లేదు. నా కోపమంతా దానికి తగిలించిన థర్మోస్టాట్ మీద, అంటే వేడి చూసుకుని హీటర్‌ను ఆన్ ఆఫ్ చేసే యంత్రం మీద. కొనేవాళ్లు ఎన్ని వాట్లు, ఎంత ధర, అర డిగ్రీ తేడా కూడా పట్టుకుంటుందా అని అడుగుతారు. మా పాలమూరులో ముందు అడగాల్సింది వేరే ఉంది. కరెంటు పోయి వచ్చాక అది తనంతట తాను మళ్లీ పని మొదలుపెడుతుందా?

అడగకముందే ఒకటి చెప్పేస్తాను. నా దగ్గరున్నది బాల్ పైథాన్, ఆఫ్రికా పాము. మన గుట్టల్లో తిరిగే కొండచిలువను ఇంట్లో పెట్టుకుంటే వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్‌ను కూడా కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, 2024లో దానికి నిబంధనలు వచ్చాయి. నాది నమోదైంది. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

పామును అమ్మినతను దాంతోపాటు ఒక ఎర్ర బల్బు కూడా అంటగట్టాడు. "పాములకు ఎరుపు కనబడదు సార్, రాత్రంతా వేసుంచండి" అన్నాడు. ఈ మాట చాలామంది చెబుతారు. కానీ బాల్ పైథాన్ కంట్లో మసక వెలుతురులో చూసే కణాలు కాక, రంగు కాంతిని పట్టే కణాలు రెండు రకాలున్నాయి. ఒకటి అతినీలలోహితానికి, ఇంకోటి ఎరుపు వైపుండే పొడవు తరంగాలకు. ఎర్ర బల్బంటే దానికి చిమ్మచీకటి అనుకోవడానికి లేదు. నేను చూసిందీ అదే. ఆ బల్బు వెలిగినన్నాళ్లు అర్ధరాత్రి దాటినా గూట్లోంచి తల బయటపెట్టేది కాదు. బల్బు తీసి సెరామిక్ పెట్టాక, లైట్లు ఆర్పిన కాసేపటికే కొమ్మ మీదికి పాకడం మొదలుపెట్టింది. పగటికి మామూలు ఎల్‌ఈడీ, టైమర్ మీద పన్నెండు గంటలు. దాని గురించి అంతకుమించి చెప్పేదేం లేదు.

హీటర్ చూడ్డానికి పింగాణీ కప్పు బోర్లించినట్టుంటుంది. బల్బు హోల్డర్‌లోనే బిగుస్తుంది, కాకపోతే హోల్డర్ పింగాణీదే అయి ఉండాలి, ప్లాస్టిక్‌దైతే కరుగుతుంది. చుట్టూ జాలీ తప్పనిసరి. పాము వెచ్చగా ఉందని దాన్నే చుట్టుకుంటే ఒళ్లు కాలుతుంది. మా అమ్మ మొదటిరోజు దాన్ని కింద నుంచి మీదికి చూసి, "ఏందిరా ఇది, బల్బు పెట్టినవ్, వెలుగుతలేదు, ఖరాబైంది చూడు" అంది. నవ్వాను. ఆ తర్వాత సంక్రాంతి రోజుల్లో ఆ మాటే గుర్తొచ్చింది, అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

అప్పుడు చలి బాగా ఉంది. తెల్లవారుజామున గది ఇరవై డిగ్రీల దగ్గర ఉండేది. నాలుగడుగుల చెక్క ట్యాంక్‌కు వంద వాట్ల హీటర్ హాయిగా సరిపోయేది. వేడి వైపు 32, చల్ల వైపు 26, రాత్రి ఇంకో డిగ్రీ రెండు తగ్గినా ఇబ్బంది లేదు. సాయంత్రం పాముకు ఎలుకను పెట్టాను, మింగింది. రాత్రి ఏదో వేళ కరెంటు పోయింది. మెలకువ వచ్చింది కానీ లేచేలోపే వచ్చేసింది. ఫ్రిజ్ గుర్రుమంది, హాల్లో రౌటర్ దీపాలు వెలిగాయి. ట్యాంక్ వైపు చూస్తే థర్మోస్టాట్ అంకెలు ఎప్పటిలాగే పచ్చగా మెరుస్తున్నాయి. పడుకున్నాను. పొద్దున జడ్చర్ల బస్సు పట్టుకునే తొందరలో చూసినా అదే పచ్చటి వెలుగు.

సాయంత్రం తలుపు తీయగానే వాసన. మింగిన ఎలుకను సగం అరిగీ అరగకుండా కక్కేసింది. పాముకు తిన్నది అరగాలంటే బయటి వేడి కావాలి. ఒళ్లు చల్లబడితే అరుగుదల ఆగిపోతుంది, లోపల మాంసం కుళ్లడం మొదలవుతుంది, ఇక బయటికి తోసేయడమే దానికున్న దారి. థర్మోస్టాట్ దగ్గరికెళ్లి చూస్తే 20 అని చూపిస్తోంది. బుద్ధిగా, సరిగ్గా చూపిస్తోంది! కానీ హీటర్‌ను మాత్రం ఆన్ చేయట్లేదు. కరెంటు పోయి వస్తే ఆ యంత్రం డిస్‌ప్లే వెలుగుతుంది, ట్యాంక్‌లో పెట్టిన ప్రోబ్ వేడి కొలుస్తుంది, హీటర్‌కు కరెంటు పంపాలంటే మాత్రం ఎవరైనా వచ్చి బటన్ నొక్కాలట. పనిచేస్తున్నప్పుడూ చేయనప్పుడూ డిస్‌ప్లేలో ఏ తేడా ఉండదు. కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే "అది సేఫ్టీ ఫీచర్ సార్" అన్నారు. ఎవరి సేఫ్టీ అని అడిగితే, మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను. ఇప్పటికీ జవాబు లేదు.

ఎర్ర బల్బే ఉండి ఉంటే చీకటి చూసైనా తెలిసేది. ఈ హీటర్‌కు ఏ గుణం చూసి నేను మురిసిపోయానో, ఆ రాత్రి అదే దెబ్బకొట్టింది. అయినా బల్బుకు తిరిగి పోను. ఆన్ ఆఫ్ రకం థర్మోస్టాట్‌కు బల్బు తగిలిస్తే రాత్రంతా వెలిగి ఆరి, వెలిగి ఆరి పాముకు ప్రశాంతత ఉండదు, బల్బూ తొందరగా పోతుంది. సెరామిక్‌కు ఆ సమస్య లేదు, సాదా ఆన్ ఆఫ్ రకమే చాలు.

పాముకు రెండు వారాలు ఏమీ పెట్టలేదు. తర్వాత చిన్న ఎలుకతో మొదలుపెట్టాను, నెమ్మదిగా కోలుకుంది. కొత్త థర్మోస్టాట్‌ను మాత్రం ఆన్‌లైన్‌లో కొనలేదు. క్లాక్ టవర్ దగ్గర ఎలక్ట్రికల్ షాపులో ముప్ఫై రెండుకు సెట్ చేయించి, ప్లగ్ పీకించి, మళ్లీ పెట్టించి చూశాను. "కరెంటు పోతే మర్చిపోతదా ఏంది సార్?" అని షాపాయన నవ్వాడు. ఆయన చూపించిన మొదటిదే మర్చిపోయింది. రెండోది గుర్తుపెట్టుకుంది, అదే తెచ్చుకున్నాను. పాతదానికంటే చౌక, ప్రోబ్ ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది, ఆ తేడా చూసుకుని సెట్ చేస్తే సరి. ఎలక్ట్రీషియన్‌తో హీటర్ లైన్‌కు ఒక చిన్న ఇండికేటర్ దీపం కూడా పెట్టించి, దాన్ని హాల్లోకి తెప్పించాను. బాగానే ఉందనిపించింది, మొన్న హీటర్ లోపలి కాయిల్ తెగేదాకా. కాయిల్ తెగినా ఇండికేటర్ వెలుగుతూనే ఉంది, కరెంటైతే అక్కడిదాకా వస్తోంది కదా. ఇప్పుడు ట్యాంక్‌లో బ్యాటరీతో నడిచే థర్మామీటర్ ఉంది, 24 కంటే తగ్గితే కూస్తుంది. అమ్మకు దాని కూత నచ్చదు, నాకు అదొక్కటే నమ్మకం.

ఇంకో సంగతి, మొదట్లో నేను పట్టించుకోనిది. ఈ హీటర్ గాలిని ఆరబెడుతుంది. మన చలికాలం అసలే పొడి. నిరుడు కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది, ఒక కన్ను మీద పొర అలాగే ఉండిపోయింది. పై జాలీ సగం మూసి, కొబ్బరి పొట్టు మందంగా పరిచి, తడి నాచు పెట్టిన డబ్బా ఒకటి లోపల ఉంచాక తేమ యాభై ఐదు శాతం దాటుతోంది. వీటన్నిటి ఖర్చు, ఓపిక కూడా హీటర్ ఖాతాలోనే రాసుకోవాలి.

మాది మేడ మీది గది, పైన స్లాబే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే దీనితో పని. మార్చి వస్తే హీటర్ అట్టపెట్టెలోకి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ గదిని 35 లోపల ఉంచడానికే కూలర్‌తో కుస్తీ. కింది అంతస్తులో ఉండి, ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు నా కోపంలో సగం అనవసరం కావచ్చు. మళ్లీ కొనాల్సొస్తే ఇదే హీటర్ కొంటాను, ఈసారి రెండు, ఒకటి తెగితే వెంటనే మార్చడానికి. థర్మోస్టాట్ ఏదైనా సరే, కౌంటర్ మీదే ప్లగ్ పీకి చూడకుండా డబ్బులివ్వను.