పర్లాకిమిడిలో పెద్దలకు ఫోను పాఠాలు

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో ఉన్న ఒక చిన్న కంప్యూటర్ కేంద్రంలో మా అమ్మగారిని నెల రోజుల శిక్షణకు చేర్పించాను. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ గ్రామీణ డిజిటల్ సాక్షరతా పథకం 14 నుంచి 60 ఏళ్ల వారికే పరిమితం కావడంతో, అరవై దాటిన ఆమెకు అందులో చోటు లేకపోయింది. ఇక్కడ పాఠం ఒడియాలో సాగినా, అర్థం కానివారికి తెలుగులో మళ్లీ ఓపికగా చెబుతారు. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ నొక్కవలసిన పని లేదన్న సంగతిని, ఒకరి ఫోను నుంచి మరొకరికి రూపాయి పంపించి చూపారు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలని కంఠస్థం చేయించారు.

అయితే, మనం చూసినదాన్ని బట్టే యాప్ తరువాతి వీడియోను ఎంచి మన ముందు పెడుతుందన్న మాట ఎవరూ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులకు నాటువైద్యం వీడియో ఒకటి చూసిన అమ్మగారు, వరుసగా అలాంటివే రావడంతో, లోకమంతా అదే చెబుతోందని నమ్మి మందులు మానబోయారు. చూసిన వీడియోల చరిత్రను సెట్టింగులలో చెరిపివేయవచ్చని నేనే చూపవలసి వచ్చింది. మూడు వందల రుసుముకు ఇది పెద్ద లోటే. చేరదలచినవారికి ఉదయం బ్యాచ్ మేలు. సాయంత్రం కాలేజీ పిల్లలతో గది నిండిపోయి పెద్దల సందేహాలకు సమయం చిక్కదు.